తోట వేసేముందు ఒకసారి ఊరి బయటికి వెళ్ళి రండి

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు గృహప్రవేశం సందడి తగ్గగానే గేటుపక్కన మిగిలిన నాలుగు గజాల మట్టివైపు చూస్తారు. అక్కడ తోట వెయ్యాలి. ఎలా వెయ్యాలి? ఎదురింటివారి పచ్చికలాగానా, సినిమాలో చూసిన బంగళా ముంగిలిలాగానా? చివరికి నర్సరీకి వెళ్ళి, అక్కడి కుర్రవాడు ఏవి చూపిస్తే అవి, ఆకురంగు బాగున్నవల్లా కొని ఆటోలో వేసుకు వస్తారు. రెండు వేసవులు తిరిగేసరికి పచ్చిక మాడిపోతుంది. సగం మొక్కలు చచ్చిపోతాయి. మిగిలేవి కుండీలు, కుండీలకింద పళ్ళాలు, పళ్ళాల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో తలకిందులుగా వేలాడే దోమపిల్లలు.

ఆరోగ్యం శీర్షికలో ఈ తోటమాలి కబుర్లేమిటని మీకు అనిపించవచ్చు. ఇంట్లో వంటగదికీ, మరుగుదొడ్డికీ, తాగేనీటికీ ఆరోగ్యంతో ఎంత సంబంధం వున్నదో, వాకిట్లో తోటకూ అంత సంబంధం వున్నది. వేసవిలో పడకగది ఎంత వేడెక్కుతుంది, పెద్దవారు రోజుకు ఎన్ని అడుగులు నడుస్తారు, పిల్లల నోటికి ఏ కాయ అందుతుంది, డెంగీ దోమకు చోటు దొరుకుతుందా, వీటన్నిటినీ కొంతవరకు మీరు వేసే తోటే తేలుస్తుంది. ఆ తోటకు మంచి నమూనా దూరదేశపు పుస్తకాల్లో వెతకనక్కరలేదు. మీ ఊరి బయటే వున్నది.

మీ ఊరి దగ్గర ఒక గుట్టో, చెరువుగట్టో, ఏటి ఒడ్డో వుంటుంది. ఏదీ లేకపోతే పాత దేవాలయం వెనకాల ఎవరూ కొట్టని చెట్లగుంపయినా వుంటుంది. హైదరాబాదువారికి కె.బి.ఆర్. పార్కు, విశాఖవారికి కంబాలకొండ, తిరుపతివారికి శేషాచలం మెట్లదారి వుండనే వున్నాయి. ఒక ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందు, అక్కడికి వెళ్ళండి. వెంట పిల్లలను తీసుకువెళ్ళండి, ఒక నోటుపుస్తకం పట్టుకోండి. మొక్కలు పీకి తెచ్చుకోవడానికి కాదు సుమా! రక్షిత అడవుల్లో ఆకు తుంచినా తప్పే. కేవలం చూడడానికి.

మొదట చూడవలసింది పువ్వులను కాదు, నీడను. పైన ఒక మద్దో, వేపో, కానుగో గొడుగు పట్టి వుంటుంది. దానికింద ఆకుపాల, రేల వంటి నడిమిరకం చెట్లు. వాటికింద బలుసు, వాక, తంగేడు పొదలు. పొదలమీద ఏదో ఒక తీగ. అన్నిటికంటే కింద రాలిన ఆకులపొర, ఆ పొరలో గడ్డి, చిన్న చిన్న మొక్కలు. ఇన్ని అంతస్తుల మేడ అది! పై అంతస్తువారు ఎండను భరిస్తే, కింది అంతస్తువారు నేలలోని తడిని కాపాడుతున్నారు. ఆకులపొరను వేలితో కాస్త ఎత్తి చూస్తే ఏప్రిల్ నెలలో కూడా దానికింది మట్టి చల్లగా తగులుతుంది. (వేలితో అన్నాను గాని, పుల్లతో ఎత్తండి. కింద తేలు వుండవచ్చు.) మనం చేసేదేమిటి? నేలంతా చీపురుతో నున్నగా ఊడ్చి, చెట్టుచుట్టూ సిమెంటు గట్టు కట్టి, రోజూ రెండు బిందెల నీళ్ళు పోస్తాం.

రెండవది, ఏ నెలలో ఏది పూస్తున్నదో చూడండి. ఫాల్గుణంలో ఆకు రాల్చుకున్న మోదుగ ఎర్రగా పూస్తుంది. మిగతా చెట్లు మోడులై నిలిచే రోజుల్లోనే కానుగ లేతాకుపచ్చగా కొత్త ఆకు తొడుక్కుంటుంది. ఎండలు ముదిరేసరికి దాని నీడ సిద్ధం. చైత్ర వైశాఖాల్లో రేల పసుపుపచ్చని గుత్తులు వేలాడదీస్తుంది. వానలు వెనకబట్టాక తంగేడు, గునుగు. బతుకమ్మ పేర్చే ఇళ్ళవారికి ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు. ఈ వరుసను నోటుపుస్తకంలో రాసుకుంటే మీ తోటలో ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూసేట్టు ఏర్పాటు చేసుకోవచ్చు. ఇల్లు కదలలేని ముసలివారికి, మంచం పట్టినవారికి, ‘ఈరోజు ఏమి పూసింది?’ అని అడగడానికి ఒక కారణం దొరకడం చిన్న విషయం కాదు.

‘ఇవన్నీ అడవిచెట్లు కదా, తోటల్లో వేస్తారా?’ అంటారేమో. బ్రెజిల్ దేశస్థులు కూడా అలాగే అనుకునేవారు. అక్కడి గొప్పవారి తోటల నిండా యూరప్ మొక్కలుండేవి. 1928లో రొబెర్తో బుర్లే మార్క్స్ అనే 19 ఏళ్ళ యువకుడు కంటిజబ్బు చికిత్సకోసం కుటుంబంతో బెర్లిన్ వెళ్ళాడు. అక్కడి వృక్షశాస్త్రోద్యానంలో అద్దాల గదుల్లో అపురూపంగా పెంచుతున్న మొక్కలను చూసి ఆశ్చర్యపోయాడు. అవన్నీ తన దేశపు అడవుల్లోవే. ఇంటిదగ్గర ఎవరూ వాటివంక కన్నెత్తి చూడరు! తిరిగివచ్చిన తరువాత జీవితమంతా అడవులు తిరిగి, ఆ మొక్కలతో, అవి అడవిలో గుంపులు కట్టే పద్ధతిలోనే తోటలు వేశాడు. 1994లో చనిపోయేనాటికి ఇరవయ్యో శతాబ్దపు తోటల శిల్పుల్లో మేటిగా ప్రపంచమంతా ఆయనను ఎరుగును. మన తంగేటిపొదను చూడడానికి మనం బెర్లిన్ దాకా వెళ్ళనక్కరలేదు.

సరే, చూసి వచ్చారు. ఇప్పుడు కాగితంమీద ప్లాను గీయాలి. సాధారణంగా అందరూ గేటు దగ్గరనుంచి గీస్తారు. దారిన పోయేవారికి అందంగా కనిపించాలని. నా సలహా వేరు. మంచం దగ్గరనుంచి గీయండి. ఇంట్లో ఎక్కువ గంటలు గడిపేవారెవరు? తాతగారా, బాలింతా, మోకాళ్ళనొప్పులతో కుర్చీకి అంటుకున్న అత్తగారా? వారు పడుకునేచోట పడుకుని, కూర్చునేచోట కూర్చుని కిటికీలోంచి చూడండి. ఏమి కనిపిస్తున్నది? పక్కింటి గోడా? అయితే మొదటి చెట్టు అక్కడ పడాలి.

ఇది కేవలం నా ముచ్చట కాదు. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక చిన్న అధ్యయనం ప్రకటించాడు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషను చేయించుకున్న 46 మంది రికార్డులు తీసుకుని, వయస్సు మొదలైనవాటిని బట్టి జతలు కట్టి చూశాడు. ప్రతి జతలోనూ ఒకరి కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, ఇంకొకరికి ఇటుకగోడ కనిపిస్తుంది. చెట్లు కనిపించినవారు ఆపరేషను తరువాత సగటున కాస్త తొందరగా ఇంటికి వెళ్ళారు. తీవ్రమైన నొప్పిమాత్రలు వారికి తక్కువ అవసరమయ్యాయి. నలభయ్యారుమందిని చూసి చెట్టు జబ్బు కుదురుస్తుందని ఎవరూ అనరు, నేనూ అనను. మందు మందే. అయితే ఖర్చులేని మేలు కళ్ళెదుట పెట్టుకోవడానికి అంతకంటే పెద్ద రుజువు అడగనక్కరలేదు.

ఇక రెండవ చెట్టు ఎక్కడ? పడమటి గోడవైపు. మధ్యాహ్నం తరువాతి ఎండ పడమటి గోడను కాలుస్తుంది. ఆ గోడ తాగిన వేడిని రాత్రంతా గదిలోకి వదులుతూ వుంటుంది. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ముసలివారికి, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవారికి ఎండదెబ్బ ఇంట్లో కూర్చున్నా తగలవచ్చు. రాత్రిళ్ళు కూడా గది చల్లబడకపోవడమే ప్రమాదం. గుట్టమీద చూసిన అంతస్తులను ఆ గోడదగ్గర పేర్చండి. స్థలం వుంటే గోడకు పది పన్నెండడుగుల దూరంలో కానుగో వేపో. లేకపోతే గోడకు మూరెడెడంగా వెదురు తడికె కట్టి దానిమీద చిక్కుడో, బచ్చలో, రాధామనోహరమో పాకించండి. తీగకూ గోడకూ మధ్య గాలి ఆడాలి. ఆకులు నీటిని ఆవిరి చేస్తూ చుట్టూ వున్న గాలిని చల్లబరుస్తాయి. ఫ్యాను ఆ గాలినే లోపలికి తెస్తుంది.

గుట్టమీద పశువులబాట ఎలా వెళ్ళిందో గమనించారా? చెట్టును చుట్టి, బండను తప్పించి, వాలును బట్టి వంకరలు పోతుంది. ఎక్కడా తిన్నగా వుండదు, ఎక్కడా ఆగిపోదు. మీ తోటలో బాట కూడా అలా చుట్టి బయలుదేరినచోటికే రావాలి. గేటునుంచి గుమ్మానికి గీతలా వేసిన దారిమీద ఎవరూ రోజూ నడవరు. ఒక చుట్టుకు 20 మీటర్లు వచ్చినా, 25 చుట్లు తిరిగితే అరకిలోమీటరు అవుతుంది. మధుమేహం, రక్తపోటు వున్నవారికి రోడ్డుమీద కుక్కల బెడద, బళ్ళ బెడద లేకుండా పొద్దునా సాయంత్రం నడక సాగుతుంది. ఒక్క విషయంలో మాత్రం ప్రకృతిని అనుకరించకండి. బాట ఎగుడుదిగుడుగా వుండకూడదు. అందంకోసం అడుగు అడుగుకూ ఒక రాయి పరుస్తున్నారు ఈమధ్య. ముసలివారు వాటి అంచు తగిలి పడితే తుంటిఎముక విరుగుతుంది. చదునుగా, జారకుండా, మూడడుగుల వెడల్పున వుంటే పక్కన ఒకరు చెయ్యి పట్టుకుని నడవవచ్చు. మలుపు దగ్గర మోకాలెత్తు బండ ఒకటి, కూర్చుని లేవడానికి. మధుమేహం వున్నవారు తోటలో చెప్పులు లేకుండా అడుగు పెట్టకూడదు. పాదాల స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం సంగతికి వద్దాం. తోట అంటే దోమలని భయపడి చెట్లు కొట్టేసేవారున్నారు. దోమను పెంచేది చెట్టు కాదు. మనం నిలవచేసే నీళ్ళు. డెంగీని మోసుకొచ్చే దోమ కథ వినండి. దాని పూర్వులు ఆఫ్రికా అడవుల్లో చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీటిలో గుడ్లు పెట్టేవి. చిన్న చోటు, కదలని నీరు, పైన కాస్త నీడ, అదీ దానికి కావలసింది. మనిషి ఇంటిపక్కకు వచ్చాక అది కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. కుండీకింద పళ్ళెం దాని కంటికి చెట్టుతొర్ర. పాతటైరు చెట్టుతొర్ర. మూతలేని డ్రమ్ము, కూలరు అడుగుతొట్టి, వెదురు నరికినచోట మిగిలిన గొట్టం, అరటిలా ఆకుల మొదట్లో నీళ్ళు నిలిచే అలంకారపు మొక్కలు, అన్నీ తొర్రలే. గుడ్డునుంచి దోమ ఎగరడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి పళ్ళాలన్నీ బోర్లించాలి. బోర్లించడమే కాదు, లోపలివైపు గట్టిగా రుద్ది కడగాలి. గుడ్లు తడిగోడకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయి వుండి కూడా, మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. అసలు పళ్ళెమే లేకుండా కుండీని ఇసుకమీదో, నేలమీదో పెడితే ఇంకా మంచిది.

చెరువు నీళ్ళలో దోమపిల్లలు అంతగా ఎందుకు బతకవో గుర్తు చేసుకోండి. అక్కడ చేపలున్నాయి, తూనీగ పిల్లలున్నాయి, గాలికి అలలున్నాయి. అలుగు మీదుగా నీరు కదులుతుంది. పెరట్లో తొట్టిలో తామర వెయ్యాలని ఉబలాటపడేవారు చేపలు కూడా వెయ్యగలిగితేనే వెయ్యాలి. చేపలు బతకని తొట్టి వద్దు. పిట్టలకు నీళ్ళు పెట్టే మూకుడైతే రోజూ నీళ్ళు పారబోసి కడిగితే బెంగలేదు. చెట్లమొదళ్ళలో తొర్రలుంటే ఇసుకతో పూడ్చండి. తోటపని పగలే చేస్తాం, ఈ దోమా పగలే కుడుతుంది. ముఖ్యంగా పొద్దున్నా, సాయంత్రం పొద్దువాలే ముందూ. పొడుగుచేతుల చొక్కా వేసుకోండి.

వానాకాలంలో జ్వరం, కళ్ళ వెనకాల నొప్పి, ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులు వుంటే డెంగీ కావచ్చని అనుమానించి డాక్టరుకు చూపించండి. పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు సొంతంగా వేసుకోకండి. రక్తస్రావం ఎక్కువ కావచ్చు. జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా వుండే ఆ రెండురోజులే ఎక్కువ జాగ్రత్తగా చూడవలసినవి. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, మత్తు, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

గుట్టమీద ఇంకొక పాఠం వున్నది, దాన్ని మేకలు చెబుతాయి. చుట్టూ వున్నదంతా మేసిన మంద కొన్ని మొక్కలను మాత్రం వదిలేసి పోతుంది. వాగు ఒడ్డున గన్నేరు, బీట్లో ఉమ్మెత్త, దారిపక్క జిల్లేడు. మేక ముట్టని మొక్కను ఇంట్లోకి తెచ్చేముందు ఎవరినైనా అడగండి. (మేక తిన్నదల్లా మనకు మంచిదని మాత్రం అనుకోకండి.) గన్నేరు, పచ్చగన్నేరు పువ్వులు దేవుడికి పనికివస్తాయని ప్రతి ఇంట్లోనూ వేస్తారు. ఆకునుంచి గింజదాకా వాటి ప్రతి భాగమూ గుండె కొట్టుకోవడాన్ని దెబ్బతీసే విషమే. పాకే పిల్లలు, రెండు మూడేళ్ళ పిల్లలు వున్న ఇంట్లో అవి వద్దు. ఎర్రగా ముచ్చటగా వుండే గురివింద గింజలు, ఆముదపు గింజలు కూడా నమిలితే ప్రాణాంతకం. పెద్ద పెద్ద ఆకులమీద తెల్లమచ్చలుండే డిఫెన్‌బేకియాను డ్రాయింగురూములో పెడుతున్నారు. దాని ఆకు కొరికితే నోరు, నాలుక వాచి మాట పడిపోతుంది. జెముడు, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పదిహేను నిమిషాలపాటు మంచినీళ్ళ ధారతో కడిగి వెంటనే కంటిడాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

పిల్లవాడు ఏదైనా కాయ మింగాడని తెలిస్తే ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు. నోట్లో మిగిలింది తీసేసి, ఆ మొక్క కొమ్మను కూడా చేతపట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి. 108కి ఫోను చెయ్యండి. ఏమి తిన్నాడో కళ్ళారా చూస్తే డాక్టరు పని సగం తేలికవుతుంది.

ఉబ్బసం, తుమ్ముల బాధ వున్నవారి ఇళ్ళలో ఒక లెక్క పాటించండి. రంగు, తేనె వున్న పువ్వు తన పుప్పొడిని పురుగులచేత మోయిస్తుంది. అది బరువుగా, జిగటగా వుండి గాలిలో అంతగా ఎగరదు. అందచందాలు లేని పువ్వులే గాలిని నమ్ముకుని పుప్పొడి చల్లుతాయి. అందువల్ల తంగేడు, రేల, మందారం వంటివి సాధారణంగా బాధించవు. గాటుగా వాసన కొట్టే ఏడాకులపాల వంటివి పడకగది కిటికీకి దూరంగా వుంచండి. వయ్యారిభామ మాత్రం ఎక్కడ కనిపించినా పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేళ్ళతో సహా పీకెయ్యాలి. చర్మానికీ, ఊపిరితిత్తులకూ అంత చెడ్డ కలుపు మనకు ఇంకొకటి లేదు.

రాళ్ళ సంగతి ఒకటి మిగిలింది. దక్కను గుండ్ల అందం చూసి చాలామంది పెరట్లో రాళ్ళు పోగు చేయిస్తున్నారు. గుట్టమీద బండ సగం భూమిలో కూరుకుని వుంటుంది. కదలదు, కింద సందు వుండదు. మీరు పోసిన రాళ్ళకుప్పలో ప్రతి సందూ ఎలుకకు ఇల్లు, ఎలుక వెనకాల పాముకు ఇల్లు. పెద్దరాళ్ళు రెండో మూడో తెచ్చి మూడోవంతు పాతిపెట్టించండి, అందానికి అవి చాలు. ఆకులపొర చెట్లమొదళ్ళలో మేలే గాని, గుమ్మానికి ఆరేడడుగుల లోపల వద్దు. రాత్రి తోటలోకి దీపం లేకుండా వెళ్ళకండి. పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం మానేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. విషానికి విరుగుడు అక్కడి ఇంజెక్షనే.

ఫ్లాట్లలో వుండేవారు ‘మాకు నేలే లేదు కదా’ అనుకుంటారు. వారికి నమూనా బండరాతి పగులు. పిడికెడు మట్టిలో, నెత్తిన ఎండ పడుతూండగా, అక్కడ నల్లేరు, కలబంద ఎంత హాయిగా బతుకుతున్నాయో చూడండి. బాల్కనీలో పదహారు రకాల కుండీలు ఇరికించే బదులు, ఎండ పడేచోట ఆ రెండూ, నీడ పడేచోట తమలపాకు తీగ, వంటింటి కిటికీలో కరివేపాకు పెట్టుకుంటే నీళ్ళూ తక్కువ, దోమలూ తక్కువ, బట్టలారేసుకోవడానికి చోటూ మిగులుతుంది. కుండీలు పిట్టగోడ అంచుమీద మాత్రం పెట్టకండి, కిందనుంచి వెళ్ళేవారి తలలు మీ బాధ్యతే.

మొక్కలు నాటడానికి మృగశిర కార్తె వెళ్ళి రెండు మంచి వానలు పడ్డాక అనువుగా వుంటుంది. రేల, కానుగ, ఆకుపాల వంటివి అటవీశాఖ నర్సరీల్లో తక్కువ ధరకు దొరుకుతాయి, ముందుగా అడిగి వుంచండి. గుంతలు వేసవిలోనే తవ్వించి ఆరబెట్టించండి. ఆ మట్టిపని మీరే చెయ్యదలచుకుంటే పొద్దున ఎనిమిది లోపలే చెయ్యండి. వంగి వంగి కాకుండా పీటమీద కూర్చుని చెయ్యండి. రక్తపోటు మాత్రలు వాడేవారు ఒక్కసారిగా లేవకండి, కళ్ళు తిరుగుతాయి. మీరు ధనుర్వాతం ఇంజెక్షను ఆఖరిసారి వేయించుకుని పదేళ్ళు దాటిందేమో లెక్కచూసుకుని, పార పట్టుకునే వారం ముందుగానే దగ్గరలోని ఆరోగ్యకేంద్రానికి వెళ్ళి ఒకటి వేయించుకుని రండి.